కాలా అజార్ తగ్గింది సరే, గోడలకు మందు కొట్టడం ఆపేయొచ్చా?

కృష్ణాతీరం:
గోడ నెర్రెల్లో దాక్కునే ఇసుక ఈగ కుడితే ఒంట్లోకి చేరే పరాన్నజీవి వల్ల వచ్చే జ్వరం కాలా అజార్. బిహార్‌లో అది దాదాపు అదుపులోకి వచ్చిందని చదివాను. 1992లో దేశం మొత్తం మీద 77,102 కేసులు, 1,419 మరణాలు. 2023కి వచ్చేసరికి కేసులు ఆరు వందల లోపే. ఒక్కో బ్లాకులో (మన మండలం లాంటిది) ఏడాదికి పది వేల మందికి ఒక కేసు కన్నా తక్కువే ఉండాలన్నది లక్ష్యం, దాన్నీ అందుకున్నారు. అలాంటప్పుడు ఏటా రెండు విడతలు ఇల్లిల్లూ తిరిగి గోడలకు పురుగుమందు కొట్టడం ఇంకా అవసరమా? ఆ డబ్బు పక్కా ఇళ్లకు పెడితే ఇసుక ఈగకు చోటే ఉండదు కదా. ఒప్పుకోనివాళ్లు కారణంతో సహా చెప్పండి.

లెక్కల మాస్టారు:
నేను మీ వైపే. ఏళ్ల తరబడి డీడీటీ కొట్టారు, చివరికి ఈగ ఆ మందుకు అలవాటు పడిపోయింది. 2015 ప్రాంతంలో దాన్ని పక్కనపెట్టి పైరెథ్రాయిడ్ అనే మరో రకం పురుగుమందుకు మారారు. రేపు దీనికీ అదే గతి పట్టదని ఎవరు చెప్పగలరు? పైగా పిల్లలు తిరిగే ఇంట్లో విషం చల్లుతున్నాం. రోగమే లేని ఊళ్లో ఇది ఎందుకు?

గండక్ ఒడ్డు నుంచి:
నేను ఉత్తర బిహార్‌లో ఈ పనిలోనే ఉన్న డాక్టర్ని. కృష్ణాతీరం గారూ, మీరు చెప్పిన అంకెలు సరైనవే. కానీ ఇలా తగ్గడం ఇది మొదటిసారి కాదండీ. 1950ల్లో మలేరియా దోమ కోసం ఇళ్లలో డీడీటీ కొట్టారు. ఆ దెబ్బకు ఇసుక ఈగలు కూడా పోయి, కాలా అజార్ కనుమరుగైంది. తర్వాత ఆ పిచికారీ ఆపేశారు. 1970ల్లో ఇదే బిహార్‌లో జబ్బు మళ్లీ రాజుకుంది. 1977 నాటికి ఊళ్లకు ఊళ్లు మంచాన పడ్డాయి. అప్పుడు కూడా అంతా "ఇక లేదు" అనే అనుకున్నారు.

రోగమే లేని ఊరు అన్నారు మాస్టారు. జ్వరం వచ్చినవాళ్లనే లెక్కపెడితే లేనట్టే కనిపిస్తుంది. కాలా అజార్ నయమైన వాళ్లలో నూటికి అయిదు నుంచి పది మందికి కొన్ని నెలలకో, ఏళ్లకో ఒంటి మీద మచ్చలొస్తాయి. దీన్ని పీకేడీఎల్ అంటాం. మొహం మీద, చేతుల మీద లేత రంగు మచ్చలు, కొందరికి చిన్న చిన్న గడ్డలు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, కుష్ఠులోలా స్పర్శ కూడా పోదు. మనిషి రోజూ పొలానికి వెళ్లొస్తుంటాడు. ఇంట్లోవాళ్లు శోభి అనుకుని ఏదో పూత రాసి ఊరుకుంటారు. కానీ ఆ చర్మంలో పరాన్నజీవి బతికే ఉంటుంది. అలాంటివాళ్లను కుట్టిన ఈగల్లో అది కనిపించిందని బంగ్లాదేశ్‌లో ప్రయోగం చేసి మరీ చూశారు. ఊళ్లో ఒక్క కేసూ నమోదు కాలేదన్న ఏడాది కూడా ఇలాంటి మనిషి ఒకరున్నారంటే, మందు పడని గోడలున్నాయంటే, మిగిలిన పని ఈగ చూసుకుంటుంది.

డీడీటీకి ఈగ లొంగకుండా పోయిందన్నది నిజం. అయితే మందు మార్చాలని, ఈగల మీద అది పనిచేస్తోందో లేదో ఏటా పరీక్షించాలని దాని అర్థం. ఆపేయమని కాదు.

కృష్ణాతీరం:
మచ్చల సంగతి నాకు కొత్త. అలాగైతే డబ్బంతా ఆ మనుషుల్ని వెతకడానికి పెట్టండి. ఇళ్ల మీద ఎందుకు?

గండక్ ఒడ్డు నుంచి:
వెతుకుతూనే ఉన్నాం. దొరికినవాళ్లతో వైద్యం పూర్తి చేయించడమే కష్టం. కాలా అజార్ జ్వరానికి ఇప్పుడు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఒక్క రోజు సెలైన్‌లో ఎక్కిస్తే సరిపోతోంది. మచ్చలకు మాత్రం మిల్టెఫోసిన్ మాత్రలు 12 వారాలు మింగాలి. కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. ఆడవాళ్లయితే ఆ మందు వాడినన్నాళ్లు, ఆ తర్వాత కొన్నాళ్లు గర్భం రాకుండా చూసుకోవాలి. ఏ బాధా లేని మనిషిని మూడు నెలలు ఇలా ఒప్పించడం ఎంత కష్టమో ఆశా కార్యకర్తను అడగండి. వాళ్లందరూ దొరికి, అందరి కోర్సూ అయ్యేదాకా గోడ మీద మందు ఉండాల్సిందే.

మందు కొట్టడంలో లోపాలు లేవని అనడం లేదు. నేను వెళ్లిన ఇళ్లలో ధాన్యం గాదెలు, మంచాలు వాకిట్లోకి లాగి, పశువుల్ని విప్పి, గిన్నెల మీద గుడ్డ కప్పి, ఇంత హైరానా పడ్డాక కూడా "పూజ గదిలో వద్దు, వంటింట్లో వద్దు" అంటారు. గోడకు ఆరడుగుల ఎత్తు వరకు కొట్టాలి. కొన్నిచోట్ల నడుము ఎత్తు దగ్గరే ఆపేసి తర్వాతి ఇంటికి వెళ్లిపోతారు. ఇక దీపావళి, ఛఠ్ పండగలు వచ్చాయంటే ఆడవాళ్లు గోడలన్నీ మట్టితో, పేడతో శుభ్రంగా అలుకుతారు. కొట్టిన మందు ఆ పూత కిందే ఉండిపోతుంది. వాళ్లను తప్పుపట్టలేం, పండక్కి ఇల్లు అలుక్కోవద్దని ఎలా చెబుతాం? మందు ఎప్పుడు పడుతుందో ముందుగా చెబితే, ఆ లోపే అలికేసుకుంటారు. ఈ చిన్న విషయం మీద శ్రద్ధ పెడితే చాలా వృథా ఆగుతుంది.

దోమతెర అభిమాని:
ఇంతకీ దోమతెర కట్టుకుంటే పోదా?

గండక్ ఒడ్డు నుంచి:
ఇసుక ఈగ దోమలో మూడో వంతు ఉంటుందండీ. మామూలు తెర కళ్లలోంచి దూరిపోతుంది. మందు పట్టించిన తెరల మీద భారత్, నేపాల్‌లలో పెద్ద పరీక్షే జరిగింది, 2010లో ఫలితాలు వచ్చాయి. కాలా అజార్ సోకడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. వేరే దోమల కోసం కట్టుకోండి, మంచిదే.

కరీంనగర్ పాతకాపు:
నాది వేరే బాధ. 2003 ఎండాకాలం మా దిక్కు పొద్దున ఆడుకున్న పిల్లలు మర్నాటికి లేరు. జ్వరం, ఫిట్స్, స్పృహ పోవడం, అన్నీ ఒకటి రెండు రోజుల్లోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు సోకితే 183 మంది పోయారు. చాందీపురా వైరస్ అన్నారు, అదీ ఇసుక ఈగతోనే వస్తుంది. 2024లో గుజరాత్‌లో మళ్లీ వచ్చింది. కాలా అజార్‌కు మందుంది, దీనికి మందూ లేదు, టీకా లేదు. మాకు ఈగను ఆపడం తప్ప దారి లేదు. అయినా ఎక్కడైనా జ్వరాలు రాగానే వీధుల్లో పొగ వదులుతారు. ఈగ వీధిలో ఎక్కడుంటుంది? పగలంతా గోడ నెర్రెల్లో, పశువుల కొట్టంలో చీకటి మూల నక్కి ఉంటుంది. నీళ్లలో గుడ్లు పెట్టదు, తేమగా ఉన్న పేడ మట్టిలో పెడుతుంది. పొగ ఆరిన అరగంటకు మళ్లీ అదే కథ. మందు కొట్టొద్దనేవాళ్లు ఒకసారి పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్లకు వెళ్లి ఆ మాట చెప్పాలి.

లెక్కల మాస్టారు:
పాతకాపు గారూ, మీ బాధ అర్థమైంది. నేను వద్దన్నది కళ్లు మూసుకుని ప్రతి ఊళ్లో కొట్టడం. గత మూడేళ్లలో కేసు వచ్చిన ఊళ్లు, మచ్చల మనుషులున్న ఊళ్లు, వాటి చుట్టుపక్కలవి ఎంచుకుని కొడితే నాకేం అభ్యంతరం లేదు.

గండక్ ఒడ్డు నుంచి:
అలా ఎంచుకుని కొట్టడానికి నేనూ సరే. జాబితా నిజాయతీగా ఉండాలి, అంతే. కేసులు సున్నా చూపించాలన్న టెన్షన్‌తో మచ్చలున్నవాణ్ణి రాసుకోకుండా వదిలేస్తే ఆ ఊరు జాబితాలోకే రాదు.

కృష్ణాతీరం:
మందు కొన్నాళ్లు ఉండాలన్నది ఒప్పుకుంటా. పక్కా ఇళ్ల మాట మాత్రం వదలను. నెర్రెలిచ్చిన గోడ ఉన్నంతకాలం ఈ తిప్పలు తప్పవు.

గండక్ ఒడ్డు నుంచి:
వదలొద్దు. కాలా అజార్ వచ్చిన కుటుంబాలకు పీఎం ఆవాస్ కింద ఇళ్లు ఇచ్చారు కూడా. ప్లాస్టరింగ్ దాకా పూర్తి చేయించమని అడగండి, ఇటుకల సందులు తెరిచే ఉంటే ఈగకు అవీ నెర్రెలే. పశువుల కొట్టం ఇంటికి ఆనుకునే ఉంటే దాన్నీ పట్టించుకోవాలి.

హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేసే డాక్టర్లు ఇది చదువుతుంటే ఒక మాట. భవన నిర్మాణ పనుల్లో బిహార్, జార్ఖండ్ వాళ్లు ఎంతోమంది ఉన్నారు. రెండు వారాలు దాటిన జ్వరం, పెరిగిన ప్లీహం, మలేరియా మందుకు తగ్గకపోవడం కనిపిస్తే సొంతూరు ఏదో అడగండి, కాలా అజార్‌ను పట్టే ఆర్‌కే39 ర్యాపిడ్ టెస్ట్ చేయించండి. చర్మం మీద మచ్చలతో వస్తే, పాతికేళ్ల క్రితమైనా సరే, కాలా అజార్ వచ్చిందా అని కూడా అడగండి.