క్లిప్పులు తీశాక పళ్ల మీద తెల్ల మచ్చలు: కాల్షియం ఫాస్ఫేట్ క్రీము ఎట్ల పూయాలి?

ప్రశ్న:
పాపకు 15 ఏళ్లు. క్లిప్పులు తీసేసరికి ముందుపళ్ల మీద, చిగురు పక్కన సుద్ద పూసినట్టు తెల్ల మచ్చలు. గుంటల్లేవు. డాక్టరు గారు కాల్షియం ఫాస్ఫేట్ క్రీము రాసిచ్చారు. ఎట్ల పూయాల? మాది అనంతపురం పక్క పల్లె, తాగేది బోరు నీళ్లు.

జవాబు 1:
ముందు ఆ బోరు నీళ్ల సంగతి తేల్చుకోండన్నా. మన జిల్లాలో ఫ్లోరైడ్ మచ్చలు మామూలే, వాటికి క్రీముతో ఒరిగేది తక్కువ. క్లిప్పు మచ్చ, తీగను పట్టుకునే బిళ్లను పంటికి అంటించిన చోటు చుట్టూ, చిగురు అంచున ఉంటుంది. ఫ్లోరైడ్‌దైతే కుడి ఎడమ జత పళ్లకు ఒకే తీరున అడ్డగీతలు, క్లిప్పులు వేయకముందు నుంచే ఉంటాయి. పాత ఫొటో తీసి చూడండి. నీళ్లు పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. అట్లని ఫ్లోరైడ్ పేస్టు మానిపించొద్దు. ఈ వయసుకు ముందుపళ్ల ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) తయారైపోయి ఉంటుంది, పేస్టు ఉమ్మేస్తే కొత్త మచ్చలు రావు.

జవాబు 2:
రాత్రి తోముకుని ఉమ్మేశాక బఠాణీ గింజంత క్రీము వేలితో మచ్చల మీద పూయాలి. 3 నిమిషాలు కదపొద్దు. తర్వాత నాలుకతో నోరంతా పరిచి, ఇంకో ఒకటి రెండు నిమిషాలు ఆపి, మిగిలింది ఉమ్మేయాలి. పుక్కిలించొద్దు, అరగంట ఏమీ తినొద్దు, తాగొద్దు. చాలామంది అలవాటుగా నోరు కడిగేస్తారు, మందంతా వాష్‌బేసిన్‌ పాలు! పాచి పేరుకుని ఉంటే దాని కింద ఆమ్లం పుడుతూనే ఉంటుంది, ఎంత పూసినా దండగే.

ఈ రకం క్రీముల్లో కాల్షియం, ఫాస్ఫేట్‌ను గడ్డకట్టకుండా పట్టి ఉంచేది సాధారణంగా పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ ముక్కలు. డబ్బా మీద చూసుకోండి. పాల ప్రోటీన్ అలర్జీ ఉంటే ముట్టొద్దు. లాక్టోజ్ (పాలలోని చక్కెర) పడకపోవడం వేరే సంగతి, దానికి ఫర్వాలేదు.

ప్రశ్న అడిగినవారు:
సున్నం కూడా కాల్షియమే కదా, తమలపాకు సున్నం రుద్దితే చాలదా అంటోంది మా అమ్మ.

జవాబు 2:
వద్దే వద్దు. చిగురు కాలుతుంది. పైగా పంటికి కాల్షియంతో పాటు కావాల్సిన ఫాస్ఫేట్ అందులో లేదు.

జవాబు 3:
నోట్లో పీహెచ్ (ఆమ్లాన్ని చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కిందికి దిగితే ఎనామిల్ కరుగుతుంది. నిమ్మసోడా గుక్కగుక్కగా తాగుతూ కూర్చుంటే క్రీము పని క్రీముది, సోడా పని సోడాది. తాగిన వెంటనే తోమనూ వద్దు.

ఇది నెలల పని. తొందరపడి 22,600 పీపీఎం (పది లక్షల పాళ్లకు అన్ని పాళ్లు) ఫ్లోరైడ్ వార్నిష్, అంటే గాఢమైన పూత, వేయిస్తే పైపొర మాత్రం గట్టిపడి, లోపలి తెలుపు అట్లే ఉండిపోవచ్చు. మచ్చను సూదిమొనతో గీకొద్దు, పైపొర విరిగి గుంట పడితే ఇక ఫిల్లింగే. నెలలు గడిచినా తగ్గకపోతే రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అడగండి: 15 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో పైపొర తెరిచి, పలచని రెజిన్‌ను (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి ద్రవం) మచ్చలోకి ఇంకిస్తారు.