వరదకు దెబ్బతిన్న పాత రాతి వంతెన: సిమెంటుతో పూడ్చవచ్చా, సున్నంతోనే కట్టాలా?

అడిగినవారు: వాగు ఒడ్డువాసి

నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో వాగు ఒడ్డున ఉన్న పల్లె. నిజాం కాలంలో రాయితో, సున్నంతో కట్టిన ఏడు కమానుల వంతెన ఊరికీ పొలాలకూ మధ్య ఉంది. మా నాయనమ్మ కాపురానికి వచ్చిన బండి దాని మీదుగానే ఊళ్ళోకి వచ్చిందట. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగినప్పుడు మా వాగు కూడా వంతెన మీదుగా పారింది. ఎగువ వైపు పిట్టగోడ కొట్టుకుపోయింది, మూడో కమాను అంచున ఐదారు రాళ్ళు ఊడిపడ్డాయి, రోడ్డు మీద ఒకచోట గుంత పడింది. అప్పటి నుంచి ట్రాక్టర్లను ఆపేశాము. పగుళ్ళలో సిమెంటు నింపి, పైన కాంక్రీటు పరిస్తే పది రోజుల్లో పని అయిపోతుందని ఒక మేస్త్రీ గారు అంటున్నారు. ఊరివాళ్ళం చందాలు వేసుకున్న డబ్బు కాబట్టి, ఖర్చు పెట్టేముందు తెలిసినవారి సలహా కోరుతున్నాను.

జవాబు: విశ్రాంత ఇంజినీరు

ట్రాక్టర్లను ఆపి మంచి పని చేశారు. మీరు చెప్పిన దెబ్బలన్నీ పైకి కనిపించేవి, కానీ వరద రాతి వంతెనను సాధారణంగా కింది నుంచి పడగొడుతుంది. స్తంభానికి తగిలిన నీరు సుడి తిరిగి, దాని మొదట్లో ఇసుకను తవ్వేస్తుంది. వరద తీస్తున్నప్పుడు మళ్ళీ ఇసుక చేరి ఆ గుంతను కప్పేస్తుంది కాబట్టి, మర్నాడు చూసినవారికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నేను ఉద్యోగంలో ఉండగా ఒక వంతెన దగ్గర ఇనుప కడ్డీ గుచ్చి చూశాము. మూడు స్తంభాల దగ్గర జానెడు లోతులో రాయి ఖంగుమన్నది, నాలుగోదాని దగ్గర మాత్రం కడ్డీ వెన్నలోకి దిగినట్టు నడుము లోతుకు దిగిపోయింది. పైన ఒక్క పగులు కూడా లేని స్తంభం అది.

మీరు కూడా వాగు ఎండినప్పుడు ప్రతి స్తంభానికీ నాలుగు వైపులా అలా చూడండి. పైన కాంక్రీటు మాత్రం వద్దు. కమానుల మీద ఉన్న మట్టి, కంకర నింపులోకి దిగిన నీరు బయటికి పోయే దారి లేకపోతే, నింపు ఉబ్బి పక్క గోడలను బయటికి తోస్తుంది. పాత తూములు పూడుకుపోయి ఉంటే ముందు వాటిని తెరవండి.

జవాబు: సున్నం పనివారు

ఇంజినీరు గారి మాటకు నా వంతు చేరుస్తాను. మేము హైదరాబాదులో పాత కట్టడాలకు గచ్చు పని చేస్తాము. రాయి కంటే మెత్తగా ఉండటమే సున్నానికి ఉన్న గుణం. వంతెన కాస్త కదిలినా పగులు అతుకులో పడుతుంది తప్ప రాయిలో పడదు, లోపలి తేమ కూడా అతుకు గుండానే బయటికి పోతుంది. సిమెంటు పూసిన పాత గోడలను నేను విప్పి చూశాను: రాయి అంచులు పొరలు పొరలుగా రాలిపోయి, సిమెంటు గీత మాత్రం ఎముకలా పొడుచుకుని ఉంటుంది.

కాల్చిన సున్నపురాయిని నీటిలో చల్లార్చి, వారాల తరబడి నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో రుబ్బుతాము. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలుపుతాము. అయితే మామూలు సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది. నీటి మట్టానికి దిగువన కట్టేచోట ఇటుక పొడి, అంటే సుర్ఖీ, తప్పక కలపాలి. కట్టిన చోట గోనెసంచులు తడిపి కప్పి ఉంచాలి. పది రోజుల్లో తేలే పని కాదిది.

మూసీ మీది పురానాపూల్‌ను చూడండి. 1578లో కట్టిన ఆ 22 కమానుల వంతెనకు 1820 వరద తరువాత సికందర్ జా కాలంలో, 1908 వరద తరువాత మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మరమ్మతులు జరిగాయి. మీ వంతెన కూడా బాగుపడుతుందన్న నమ్మకం నాకుంది.

ఊడిపడ్డ రాళ్ళను దిగువన వెతికి ఒడ్డుకు చేర్చండి. కమాను రాయిని దాని వంపుకు తగ్గట్టు చెక్కి ఉంటారు, కొత్త రాయి అంత తేలికగా కుదరదు. ఇంకా ఏ రాయినైనా విప్పవలసి వస్తే ముందే దాని మీద అంకె వేయండి. గోడలో రావి మొక్క ఉంటే పీకవద్దు, వేరుతో పాటు రాళ్ళూ వస్తాయి. మొదలు కోసి వేరును చంపాలి.

జవాబు: లీడ్స్ నుంచి

ఇంగ్లండులో నేను ఉండే ప్రాంతానికి దగ్గరలోని టాడ్‌కాస్టర్ అనే చిన్న ఊళ్ళో, వార్ఫ్ నది మీది పాత రాతి వంతెనలో కొంత భాగం 2015 డిసెంబరు 29న వరదకు కూలి, ఊరు రెండుగా విడిపోయింది. నడిచేవారికి తాత్కాలిక వంతెన వేసి, అసలు వంతెనను 2017 ఫిబ్రవరిలో తెరిచారు. ఆ 2015 డిసెంబరు వరదల్లోనే పూలీ బ్రిడ్జ్ అనే ఊళ్ళో 1764 నాటి వంతెన పూర్తిగా కొట్టుకుపోగా, దాని స్థానంలో ఉక్కు వంతెన వచ్చింది. మీది నిలిచే ఉంది కాబట్టి, దయచేసి తొందరపడకండి.

అడిగినవారు: వాగు ఒడ్డువాసి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా పిల్లలతో కలిసి కడ్డీ గుచ్చి చూశాము. రెండో స్తంభం దగ్గర ఎగువ వైపు మూడడుగులు దిగింది, మిగతా చోట్ల రాయి తగిలింది. పైన దెబ్బ మూడో కమానుకు తగిలితే, కింద బోలు ఈ స్తంభం దగ్గర ఉండటం ఏమిటి?

జవాబు: విశ్రాంత ఇంజినీరు

మూడో కమాను ఒక కాలు ఆ రెండో స్తంభం మీదే ఉంటుంది కదండీ. స్తంభం కొద్దిగా కుంగితే కమాను రాళ్ళు వదులై ఊడతాయి. ఇక మనుషులను, పశువులను కూడా దాని మీదుగా పంపవద్దు. రాతి వంతెనలు తెలిసిన ఇంజినీరు ఒకరు వచ్చి చూశాకే పని మొదలుపెట్టండి. కమాను కింద సెంట్రింగ్ పెట్టి బరువు మోయించాలి, స్తంభం చుట్టూ ఇసుక బస్తాలతో అడ్డుకట్ట వేసి నీరు తోడాలి, వదులు ఇసుకను కొంచెం కొంచెంగా తీస్తూ గట్టి నేల నుంచి రాతికట్టు లేపాలి. తరువాత స్తంభం చుట్టూ పెద్ద బండరాళ్ళు పరచండి. అయితే అవి వాగు అడుగు మట్టానికి సమానంగా ఉండాలి. కుప్పగా పోస్తే నీటి దారి ఇరుకై పక్క స్తంభం దగ్గర కోత మొదలవుతుంది. పిట్టగోడ అన్నింటికంటే చివర.