కిటికీ అద్దాలు తుడిచే పని: సామాను, నీళ్లు, రేటు

కొండాపూర్_కొత్త: అపార్ట్‌మెంట్లలో కిటికీలు తుడిచే పని మొదలుపెడదామనుకుంటున్నా. అనుభవం సున్నా. ముందు ఏం కొనాలి?

అద్దంపని: మిషన్ల జోలికి పోకు తమ్మీ. 14 అంగుళాల స్క్వీజీ (అద్దం మీది నీళ్లు లాగే రబ్బరు పట్టీ), అదే సైజు వాషర్ (సబ్బునీళ్లు రుద్దే, గుడ్డ తొడుగున్న పిడి), చిన్న అద్దాలకు 6 అంగుళాల స్క్వీజీ, వాషర్ మునిగేంత వెడల్పు బకెట్, మైక్రోఫైబర్ గుడ్డలు, విడి రబ్బర్లు. సికింద్రాబాద్ రాణిగంజ్ బజార్ల ఓపికగా తిరుగు. 10 లీటర్ల నీళ్లకు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా చాలు, ఎక్కువైతే చారలు పడ్తయ్. ఒక్కో లాగుడు ముందుదాని మీదికి రెండంగుళాలు ఎక్కాలె. లాగిన ప్రతిసారి రబ్బరు తుడువు. గీత ఎప్పుడూ ఒకే చోట మిగుల్తుందంటే రబ్బరు అంచు చిట్లినట్టే. తిప్పి వేస్కో.

మియాపూర్_సర్వీస్: ఎండ తగిలే అద్దం ముట్టుకోవద్దండి, లాగేలోపే సబ్బునీళ్లు ఆరిపోతాయి. పడమర వైపువి పొద్దున, తూర్పువి మధ్యాహ్నం దాటాక. ఇంకో మాట, అద్దం ఆఖర్న. ముందు దోమల జాలి, తర్వాత స్లైడింగ్ ట్రాక్. ట్రాక్‌లో దుమ్మును పొడిగానే పెయింట్ బ్రష్‌తో లాగేయాలి, నీళ్లు పోశారా బురదే. ఆ బురద ట్రాక్ కింద నీళ్లు బయటికి పోయే రంధ్రాల్లో గట్టిపడితే వానకు నీళ్లు ఇంట్లోకి వస్తాయి, తిట్లు మీకే.

కొండాపూర్_కొత్త: బోరు నీళ్ల తెల్ల మచ్చలు?

అద్దంపని: వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి కొట్టి, ఆరకుండా పది నిమిషాలు తడిగా ఉంచు. మార్బుల్ గట్టు మీద పడనియ్యకు. బాత్రూం యాసిడ్ వద్దే వద్దు, అల్యూమినియం ఫ్రేమ్ పాడైతది. పాత మచ్చ అద్దాన్నే తినేసుంటే ఏం చేసినా పోదు. ఇంటోళ్లకు ముందే చెప్పు.

మియాపూర్_సర్వీస్: కొత్త ఫ్లాట్లలో సిమెంటు, పెయింటు చుక్కలకు బ్లేడు వాడతారు. మూలన టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) అని ముద్ర ఉంటే ఆగండి. తయారీలో అంటుకున్న సన్న రేణువులు బ్లేడు కింద లేచి గీతలు పడతాయి. అద్దం మార్చే ఖర్చు మీ మీదికి రాకుండా పని ముందే ఫొటోలు తీసి, రాతపూర్వకంగా ఒప్పించుకోండి. రేటు కిటికీకి కాదు, పలకకు చెప్పండి. మూడు ట్రాకుల కిటికీ అంటే రెండు అద్దాలు, ఒక జాలి. కొత్త ఫ్లాట్ మొదటి క్లీనింగ్‌కు రేటు వేరు.

నల్లగండ్ల_సేఫ్టీ: గోడ బయటికి వేలాడి తుడవడం మీ పని కాదు. అది తాళ్ల మీద శిక్షణ పొందినవాళ్లది. లోపల్నుంచి చెయ్యి అందినంతే ఒప్పుకోండి. పొడుగు కర్ర వాడితే ముందు కరెంటు తీగలు చూడండి, అల్యూమినియం కర్ర, తడి చేతులు కలిస్తే ప్రాణాలే పోతాయి.