జీఐ (జింకు పూత ఇనప) తీగతో స్టార్, దానికి చిన్న లైట్లు: ఇంట్లో చేసినవాళ్ళు చెప్పండి

పర్లాకిమిడి పిల్ల:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి పక్కన పల్లె. డిసెంబరు వచ్చిందంటే మోహన, ఆర్. ఉదయగిరి వైపు కొండ ఊళ్ళల్లో ఇళ్ళ ముందు స్టార్లు కడతారు, మా వీధిలోనూ కొందరు కడతారు. కొట్లో కొన్న కాగితం స్టారు మంచుకి తడిసి మెత్తబడి పండగ రాకముందే చిరిగిపోతోంది, అందుకని ఈసారి తీగతో మనమే చేద్దాం అంటున్నారు నాన్న. ఏ గేజు కొనాలి, ఎంత కావాలి? ఇంట్లో పాత సీరియల్ సెట్లున్నాయి, అవే చుట్టేస్తే సరిపోతుందా?

గుణుపూర్ గ్రిల్లు పని:
గేజు నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందమ్మా, కొట్లో సగం తికమక దీని దగ్గరే. ఫ్రేముకి 12 గేజు జీఐ తీగ అడగండి, మందం 2.6 మిల్లీమీటర్లుంటుంది, చేతి పటకారుతోనే వంగుతుంది. 10 గేజు అయితే 3.25, అది బాగా నిలబడుతుంది గానీ మూలలు తిప్పాలంటే వైస్ (బిగించి పట్టే పరికరం) ఉండాలి. స్లాబు ఊచలు కట్టే నల్ల బైండింగ్ వైరు ముడులకి తప్ప దేనికీ వద్దు, మరీ మెత్తన, ఆరుబయట తుప్పు కూడా పడుతుంది. తీగని కిలోల లెక్కన అమ్ముతారు, 12 గేజు కిలోకి 23 మీటర్ల దాకా వస్తుంది కాబట్టి అర కిలో మీకు చాలు, ఇంకా మిగులుతుంది.

పాత చెక్క పలక మీద 30 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో సున్నా గీసి, 72 డిగ్రీలకొక మేకు కొట్టండి. ఐదు మేకులు. ఒకటి వదిలి ఒకటి పట్టుకుంటూ తీగ తిప్పితే స్టారు దానంతట అదే వస్తుంది. అలా పట్టుకున్న మేకుకీ మేకుకీ మధ్య 57 సెంటీమీటర్లు పడుతుంది, ఐదు గీతలకీ కలిపి 2.85 మీటర్లు, చివర మెలికకి కాస్త చూసుకుని 3 మీటర్ల ముక్క కోసుకోండి. తీగలు ఒకదాని మీదొకటి దాటే ఐదు చోట్లా నల్ల వైరుతో ముడి వేయాలి, లేకపోతే మోసుకెళ్ళేసరికే వంకరపోతుంది. ఉబ్బుగా కావాలంటే ఇలాంటివే రెండు చేసి, మొనలు మొనలకి కట్టి, ఆ దాటిన చోట్ల మధ్యలో వేలెడేసి తీగ ముక్కలు అడ్డం పెట్టండి. పొట్ట వస్తుంది.

రాయగడ కరెంటు:
సీరియల్ సెట్టు మాత్రం ఇనప ఫ్రేముకి వద్దు. గట్టిగానే చెప్తున్నా. మన బజారులో దొరికే సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ లాంటిదేమీ ఉండదు, 230 వోల్టులు నేరుగా బల్బుల వరసలోకి పోతాయి, ఒక్కో ఎల్‌ఈడీకి రెండు మూడు వోల్టులే కావాలి కాబట్టి అన్నీ పంచుకుని వెలుగుతాయి, అంతే. చిన్న బల్బు కదా, షాక్ కొట్టదులే అనుకుంటారు జనం. వరసలో ఏ బల్బు కాడ బయటపడ్డా అది మెయిన్ కరెంటే, రంగులు మార్చే ఆ డబ్బా పెట్టినా తేడా లేదు. పైగా మీరు కోసిన తీగ కొస గోరంత పొడుచుకొచ్చి ఆ పల్చటి ప్లాస్టిక్ తోలులోకి దిగిందనుకోండి, స్టారు మొత్తం కరెంటు పట్టేస్తుంది. మంచు కురిసిన తెల్లారి, వట్టి కాళ్ళతో తడి నేల మీద నిలబడి ఎవరో దాన్ని సరిచేయబోతారు. మా వీధిలో ఒకరికి ఇలాగే తగిలింది, బతికి బయటపడ్డారు.

5 వోల్టుల యూఎస్‌బీ రాగి తీగ లైట్లు తెచ్చుకోండి. పాత ఫోను ఛార్జరు చాలు, ఛార్జరు మాత్రం ఇంటి లోపలే ఉండాలి, బయటికి సన్న తీగ ఒక్కటే రావాలి.

శిరోంచ అక్క:
మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత దాటితే తెలంగాణ. ఇంట్ల తెలుగే గానీ దీపావళికి మరాఠీ వాళ్ళ లెక్కనే ఆకాశ కందిల్ (వేలాడే కాగితం లాంతరు) కడతాం. ఇదివరకు వెదురు బద్దలు, పతంగి కాగితం. ఇప్పుడు మేము బద్దలకి బదులు తీగ పెడుతున్నాం, కాగితం మటుకు ఏటా మారుస్తాం. కందిల్ లోపల అర వాట్ ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోవచ్చు, పాత ఫిలమెంటు బల్బు పెడితే కాగితం మాడి వాసనొస్తది. హోల్డరు వైరు తీగకి ఆనకుండా నడిమిట్ల వేలాడదీయాలె. కానీ నాకడిగితే కాగితం లేని ఉత్త తీగ స్టారే అందం, దూరం నుంచి చూస్తే లైట్లే కనబడతయి, తీగ కనబడదు.

పర్లాకిమిడి పిల్ల:
కరెంటు అన్నా, మరి ఆ రాగి లైట్ల తీగకి తోలే లేదు కదా, ఫ్రేముకి తగిలితే?

రాయగడ కరెంటు:
తోలు లేదనిపిస్తుంది గానీ పైన వార్నిష్ పూత ఉంటుంది చెల్లీ. 5 వోల్టులకి షాక్ ఉండదు. కాకపోతే గాలికి ఊగి ఊగి రెండు రాగి తీగల పూతా ఫ్రేము దగ్గర గీసుకుపోతే షార్ట్ అయి ఆరిపోతాయి, ఒక్కోసారి తీగ వేడెక్కుతుంది. అందుకని ముందు ఫ్రేముకి పాత చీర పీలికలు గానీ ఇన్సులేషన్ టేపు గానీ చుట్టి, ఆ పైన లైట్లు చుట్టండి. కట్టడానికి దారమో ప్లాస్టిక్ ట్యాగులో వాడండి, బైండింగ్ వైరు వద్దు.

ధర్మాబాద్ తమ్ముడు:
మా నాందేడ్ వైపు సాయంత్రం కరెంటు పోతే గంట దాకా రాదు. పవర్ బ్యాంకుకి పెడితే కాసేపు వెలిగి ఆగిపోతున్నాయి, ఛార్జింగ్ ఫుల్లుగానే ఉంది. బ్యాంకు పాడైందంటారా?

రాయగడ కరెంటు:
పాడవలేదు. లైట్లు తాగే కరెంటు మరీ తక్కువ, ఫోను తీసేశారేమో అనుకుని బ్యాంకు తనే ఆపేసుకుంటుంది. రెండు మూడు స్టార్లు ఒకే బ్యాంకుకి కలిపి చూడు, చాలాసార్లు నిలబడుతుంది. కాదంటే మూడు పెన్సిల్ సెల్స్ పట్టే డబ్బా ఉన్న సెట్టు తీసుకో, దానికి ఈ గోల లేదు. బిళ్ళ సెల్ ఉన్న బుల్లి సెట్లు మాత్రం చిన్నపిల్లలున్న ఇంట్లోకి తేవద్దు, మింగితే ప్రాణం మీదికొస్తుంది.

గుణుపూర్ గ్రిల్లు పని:
ఇంకోటి. కోసిన కొసలన్నీ పటకారుతో లోపలికి మడిచేయండి, కళ్ళ ఎత్తులో వేలాడదీయొద్దు. పండగయ్యాక లైట్లు విప్పి అట్ట ముక్కకి వదులుగా చుట్టి దాచండి, లాగి చుట్టారంటే రాగి తీగ బల్బు అతుకు దగ్గరే తెగుతుంది. ఫ్రేముని ఏ అటక మీద పడేసినా దానికేం కాదు.