120 గంటల టెఫెల్ కోర్స్ 4 రోజుల్లో అయిపోయింది, డబ్బులు వెనక్కి వస్తాయా?

నిద్రలేని_పక్షి:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ కడుపుమంట ఆగక రాస్తున్నా. వేరే దేశం వెళ్లి ఇంగ్లీష్ టీచర్‌గా చేద్దామని ఒక ఆన్‌లైన్ టెఫెల్ కోర్స్‌లో చేరా, అంటే ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లకి ఇంగ్లీష్ ఎలా చెప్పాలో నేర్పే కోర్స్. వాళ్ల పేజీలో 120 గంటలు, 6 గంటల టీచింగ్ ప్రాక్టీస్, ఇంటర్నేషనల్ అక్రెడిటేషన్, జాబ్ గ్యారంటీ అని పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది, పైన ఒక ఎర్ర గడియారం, ఈ రాత్రి 12కి ఆఫర్ అయిపోతుందని. 11:40కి కట్టేసి ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయా కూడా.

120 గంటల కోర్స్ 4 రోజుల్లో అయిపోయింది. అన్నీ పీడీఎఫ్‌లే, చదివినా చదవకపోయినా కింద నెక్స్ట్ నొక్కితే చాలు. ఒక క్విజ్‌లో "ఐ సా హిమ్ యస్టర్‌డే" పెడితే తప్పంట, "ఐ హావ్ సీన్ హిమ్ యస్టర్‌డే" కరెక్టంట. గ్రామర్ నేర్పించే కోర్స్ అండి ఇది! ట్యూటర్‌కి మెసేజ్ పెడితే "మీ కృషి అభినందనీయం, ఇలాగే కొనసాగించండి" అని వచ్చింది, రెండు రోజుల తర్వాత ఇంకేదో డౌట్ అడిగితే మళ్లీ అదే వాక్యం, కామాతో సహా.

ఇక టీచింగ్ ప్రాక్టీస్ అంటే ఏంటనుకున్నారు, మన గదిలో మనమే కెమెరా పెట్టుకుని 20 నిమిషాల పాఠం చెప్పి అప్‌లోడ్ చేయడం. స్టూడెంట్స్ లేరు. గోడకి చెప్పా. మధ్యలో "ఎవరికైనా డౌట్ ఉందా" అని గోడని అడిగి ఐదు సెకన్లు ఆగా కూడా. 98 మార్కులు వేశారు. జాబ్ గ్యారంటీ ఏమో ఎవరైనా వెతుక్కోగలిగే జాబ్ సైట్ల లింకులు ఒక పేజీ.

రీఫండ్ అడిగితే 20 శాతం దాటి కోర్స్ తెరిస్తే రీఫండ్ లేదని కండిషన్స్‌లో ఉందన్నారు. ఆ ప్రాక్టీస్ ముచ్చట తెలిసేదే చివరి మాడ్యూల్‌లో! డబ్బులు వచ్చే దారి ఉందా? ఈ సర్టిఫికెట్ సీవీలో పెట్టొచ్చా? ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఎవరికీ చెప్పాలని లేదు.

కాగితాల_పులి:
సిగ్గుపడాల్సింది మీరు కాదు కాబట్టి ముందు అది పక్కన పెట్టండి. కార్డుతో కట్టారా లేక అకౌంట్ ట్రాన్స్‌ఫరా? కార్డు అయితే ఛార్జ్‌బ్యాక్ అని ఒక దారి ఉంది, కట్టిన డబ్బుని బ్యాంక్ ద్వారానే వెనక్కి తెప్పించుకోవడం, దానికి బ్యాంక్‌కి వెళ్లి డిస్ప్యూట్ అంటే ఫిర్యాదు వేయాలి. "కోర్స్ బాలేదు" అని రాస్తే పట్టించుకోరు, నేను మొదటిసారి అలాగే రాసి పోగొట్టుకున్నా. "చెప్పిన సర్వీస్ ఇవ్వలేదు" అని రాయాలి. మీ కేసులో అది సుబ్బరంగా ఉంది, 6 గంటల టీచింగ్ ప్రాక్టీస్ అని అమ్మారు, ఇచ్చింది 20 నిమిషాల వీడియో. ట్యూటర్ సంగతీ క్విజ్ సంగతీ ఎంత కాలినా అక్కడ రాయొద్దు, ఆ ఒక్క ముక్క మీదే నిలబడండి.

కానీ దానికంటే ముందు వాళ్ల సేల్స్ పేజీ స్క్రీన్‌షాట్లు తీయండి, ఇప్పుడే, ఇది చదవడం ఆపి. గొడవ మొదలయ్యాక పేజీ మార్చేస్తారు, నా విషయంలో "గ్యారంటీ" అన్న మాట రాత్రికి రాత్రి "అసిస్టెన్స్" అయిపోయింది. ఇప్పటికే మార్చేసి ఉంటే వేబ్యాక్ మెషీన్ అని పాత వెబ్ పేజీలు దాచే సైట్ ఉంది, అందులో పాత కాపీ దొరుకుతుందేమో చూడండి. తర్వాత రీఫండ్ కావాలని మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు, వాళ్లు కాదన్న మెయిల్ కూడా బ్యాంక్‌కి పనికొస్తుంది. డిస్ప్యూట్‌కి గడువు చాలా కార్డులకి 120 రోజుల దగ్గర ఉంటుంది, మీ బ్యాంక్‌ని కనుక్కుని ఆలస్యం చేయకుండా వేయండి. అకౌంట్ ట్రాన్స్‌ఫర్ అయితే మాత్రం కష్టం, అబద్ధం చెప్పను.

ఇంకోటి, సగం డబ్బులు ఇస్తాం రివ్యూ తీసేయండి అని బేరం పెడతారు. నేను తీసేశా. ఆ సగమూ రాలేదు.

సుద్దముక్క:
మీ గోడ స్టూడెంట్ చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు తల్లీ. నేను 11 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నా, టెఫెల్ అన్న పేరు మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా ఆ పేరుతో సర్టిఫికెట్ అచ్చేసి అమ్ముకోవచ్చు. అక్రెడిటేషన్ ఇచ్చేవాళ్లూ అంతే, ప్రపంచం మొత్తానికీ కలిపి ఒక అధికార సంస్థ అంటూ లేదు కాబట్టి కోర్స్ అమ్మేవాడే ఇంకో వెబ్‌సైట్ పెట్టి తనకి తనే ముద్ర వేసుకోవచ్చు. మీ సర్టిఫికెట్ మీద సీల్ ఎవరిదో చూసి, ఆ సైట్ తెరిచి, అడ్రస్ ఎక్కడిదో, వాళ్లు ఇంకెవరెవరికి గుర్తింపు ఇచ్చారో చూడండి. లెవెల్ 5 అని రాసుకుంటే అది బ్రిటన్ లెక్క, అక్కడ క్వాలిఫికేషన్లని నియంత్రించే ఆఫ్‌క్వాల్ అనే ప్రభుత్వ సంస్థ రిజిస్టర్ అందరూ చూడొచ్చు, క్వాలిఫికేషన్ నంబర్ కొడితే ఉందో లేదో తేలిపోతుంది. నంబర్ ఇవ్వకుండా నసిగితే అక్కడే ఆగిపోవాలి.

అసలు ప్రాక్టీస్ అంటే ఏంటో చెప్తా. నేను చేసింది సెల్టా, కేంబ్రిడ్జ్ వాళ్ల ఇంగ్లీష్ టీచర్ ట్రైనింగ్ కోర్స్. అందులోనూ 6 గంటలే, కానీ ఎదురుగా నిజంగా ఇంగ్లీష్ నేర్చుకోవడానికి వచ్చిన పెద్దవాళ్లు, కనీసం రెండు లెవెల్స్ వాళ్లకి చెప్పాలి, వెనక బెంచీలో ట్యూటర్ కూర్చుని రాసుకుంటూ ఉంటుంది. అనుభవం ఉన్న టీచర్ల క్లాసులు ఇంకో 6 గంటలు చూడాలి, 4 రాత అసైన్‌మెంట్లు, బయటినుంచి ఒక అసెసర్ వచ్చి సెంటర్ ఎలా నడుస్తోందో చూస్తారు. అలాంటిదే ఇంకో కోర్స్, ట్రినిటీ వాళ్ల సర్ట్‌టీసోల్‌లో కూడా నిజం స్టూడెంట్స్‌తోనే 6 గంటలు. నా రెండో క్లాసులో నేను "అండర్‌స్టాండ్?" అని అడగ్గానే అందరూ తలూపారు, నేను హాయిగా ముందుకెళ్లిపోయా. తర్వాత ట్యూటర్ కాగితం చేతిలో పెట్టింది, ఆ మాట నేను అన్న ప్రతిసారీ ఒక గీత గీసింది, 17 గీతలు. "తలూపడం జవాబు కాదు, నిన్న జరిగిందా ఇప్పుడూ జరుగుతోందా అని అడుగు, అప్పుడు తెలుస్తుంది వాళ్లకి అర్థమైందో లేదో" అంది. బాత్‌రూమ్‌లోకెళ్లి ఏడ్చా. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది. గోడ ఆ గీతలు గీయదు కదా.

అలా అని మంచి కోర్సుల్లో అన్నీ బాగుంటాయని కాదు, మా సెంటర్‌లో ఫోటోకాపీ మెషీన్ దగ్గర కొట్టుకునేవాళ్లం, ఉద్యోగం విషయంలో ఒక్క ముక్క సాయం చేయలేదు. అది నిరాశ, మోసం కాదు.

మొండిఘటం:
సుద్దముక్క గారి మాట ఒప్పుకుంటా గానీ అందరూ సెల్టా చేయక్కర్లేదు, అది ఖర్చూ శ్రమా రెండూ ఎక్కువ. చాలా చోట్ల 120 గంటల కాగితం ఉందా లేదా అనే చూస్తారు, ఆన్‌లైన్‌లో నిజాయితీగా నడిపేవాళ్లూ ఉన్నారు, టీచింగ్ ప్రాక్టీస్ లేదని ముందే చెప్పి తక్కువకి అమ్ముతారు. దాంతో నాకు పేచీ లేదు. నా మంట వేరే దాని మీద. ఈ కోర్సులు అమ్మేవాళ్లలో ఎంతమంది మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిది, డిగ్రీ ఉందా అని అడిగారు? కొరియాలో భాష నేర్పే టీచర్లకిచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఇచ్చేది 7 ఇంగ్లీష్ దేశాల పాస్‌పోర్ట్ వాళ్లకి, అది కూడా డిగ్రీ ఉంటేనే. చైనాలో కూడా డిగ్రీ కావాలి, టెఫెల్ కాగితమో రెండేళ్ల అనుభవమో కావాలి, ఆపైన నేటివ్ స్పీకర్ అన్న పట్టింపు. ఇవన్నీ దాచి "ఎవరైనా ఎక్కడైనా చెప్పొచ్చు" అని అమ్మడమే నా దృష్టిలో పెద్ద అబద్ధం. పక్షి గారూ, దేశం ముందు తేల్చుకుని ఆ దేశం ఎంబసీ పేజీ చదవండి, కోర్స్ ఆ తర్వాత.

సీవీలో పెట్టడం అంటారా, కాగితం నిజంగానే వచ్చింది కాబట్టి పెట్టొచ్చు, కానీ టీచింగ్ ప్రాక్టీస్ 6 గంటలు అని మాత్రం రాయొద్దు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది, స్టూడెంట్స్ ఎంతమంది, ఏ లెవెల్ అని. ఈలోగా ఎక్కడైనా ఉచితంగా అయినా సరే మనుషులకి నాలుగు క్లాసులు చెప్పండి, అది రాసుకోండి.

నిద్రలేని_పక్షి:
అందరికీ చాలా థ్యాంక్స్. కార్డుతోనే కట్టా, 31 రోజులైంది, ఇవాళ డిస్ప్యూట్ వేశా. సుద్దముక్క గారు చెప్పినట్టు ఆ సీల్ సైట్ చూశా, అడ్రస్ కోర్స్ వాళ్లదే, రూమ్ నంబర్‌తో సహా. గుర్తింపు ఇచ్చిన సంస్థల లిస్టులో ఒక్కటే పేరు ఉంది, ఎవరిదో చెప్పక్కర్లేదుగా. ఇంట్లో కూడా చెప్పేశా, అనుకున్నంత గొడవ కాలేదు. స్క్రీన్‌షాట్ల కోసం మళ్లీ వాళ్ల పేజీ తెరిస్తే ఆ ఎర్ర గడియారం ఇంకా తిరుగుతూనే ఉంది, ఈ రాత్రి 12కి ఆఫర్ లాస్ట్ అంట.

కాగితాల_పులి:
అది కూడా తీసి పంపండి బ్యాంక్‌కి, పక్కన తేదీ కనపడేలా. రేపు ఇంకోటి.