చద్దన్నం తిన్నవారికి ఏమీ కాలేదు, బిర్యానీ తిన్నవారికి వాంతులు: ఎందుకు?

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి)

ఆదివారం రాత్రి మిగిలిన బిర్యానీని గిన్నెతోనే మూతపెట్టి వంటింటి గట్టు మీద ఉంచి, మర్నాడు పొద్దున పొగలు వచ్చేదాకా వేడిచేసి తిన్నాము. కాసేపటికే నాకూ మావారికీ వాంతులు మొదలయ్యాయి. అదే రాత్రి అన్నంలో పాలు పోసి తోడు వేసి పెట్టుకున్న మా అత్తగారు మాత్రం పొద్దున ఆ చద్దన్నం తిని హాయిగా ఉన్నారు. రెండూ రాత్రంతా బయటే ఉన్నాయి కదా, రెండింటిలోనూ బాక్టీరియా పెరిగే ఉంటుంది. అంత వేడిచేసినా అది చావలేదా?

జవాబు 1 (తార్నాక, సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను)

పరీక్ష లేకుండా నిర్ధారించలేము గానీ, మీరు చెప్పిన తీరు బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పనిలాగే ఉంది. మట్టిలో నుంచి బియ్యంతోపాటు వచ్చే దీని స్పోర్లు (విత్తనాల్లా నిద్రాణంగా ఉండే గట్టి రూపాలు) అన్నం ఉడికే వేడిని తట్టుకొని, అన్నం నెమ్మదిగా చల్లారుతున్నప్పుడు మొలకెత్తి, పెరుగుతూ వాంతులు తెప్పించే విషాన్ని అందులోకి వదులుతాయి. పొద్దున మీరు వేడిచేసినప్పుడు బాక్టీరియా చాలావరకు చచ్చే ఉంటుంది. ఆ విషం మాత్రం నీళ్లు మరిగే వేడికి కూడా చెడదు. మూత పెట్టడమూ ఇక్కడ అక్కరకు రాలేదు, ఎందుకంటే శత్రువు ముందునుంచీ గిన్నెలోనే ఉంది.

అత్తగారి గిన్నెలో జరిగింది వేరు. తోడుతో ఒక్కసారిగా చేరిన లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పాలలోని చక్కెరను ఆమ్లంగా మార్చింది. పులుపు ఎక్కేకొద్దీ బాసిల్లస్ వంటివాటికి పెరుగుదల కష్టమవుతుంది. అన్నం గోరువెచ్చగా ఉండగానే మంచి తోడు పడాలి. తోడు లేకుండా వదిలేసిన ఉత్త అన్నానికి ఈ రక్షణ లేదు.

జవాబు 2 (మెహదీపట్నం నుంచి)

పచ్చిగుడ్ల మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది గానీ, మన గట్టు మీది గిన్నెకు నిఘా మనమే! మిగిలినదాన్ని వెడల్పాటి పళ్లేల్లో పలుచగా పరచి రెండు గంటల్లోపు, ఎండాకాలంలో ఇంకా ముందే, ఫ్రిజ్‌లో పెట్టండి. గిన్నెతో పెడితే నడిమి భాగం చాలాసేపు వెచ్చగానే ఉండిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మందుల షాపులో యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. వేసుకోవచ్చా?

జవాబు 1 ఇచ్చినవారు

డాక్టరు చెప్పకుండా వద్దండీ. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుందే తప్ప, అప్పటికే కడుపులో పడిన విషాన్ని ఏమీ చేయలేదు. పైగా పేగుల్లో మనకు మేలుచేస్తున్న బాక్టీరియాను దెబ్బతీస్తుంది. ఆ మందులను తక్కువ చేయడం లేదు: మన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలోని పరిశోధనశాల నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా మట్టిలోని ఒక బాక్టీరియా నుంచి తీసినదే. మీకిప్పుడు కావలసింది ఓఆర్‌ఎస్‌ను కొద్దికొద్దిగా తాగడం. జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం కనిపించినా, తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.