అప్‌డేట్: వీధి పిల్లి కూనలకు పాలివ్వకపోవడానికి కారణం పొదుగువాపు

మెట్ల కింద పిల్లలు పెట్టిన వీధి పిల్లి పాలివ్వట్లేదని, కూనలు ఆగకుండా అరుస్తున్నాయని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. తల్లి రొమ్ములు తడిమి చూడమన్న సలహాయే పనికొచ్చింది. వెనక రొమ్ము ఒకటి గట్టిపడి వేడిగా ఉంది. డాక్టర్ పొదుగువాపు అన్నారు, నొప్పికే కూనల్ని రానివ్వలేదట. యాంటీబయాటిక్‌తో తగ్గి, ఇప్పుడు తనే పాలిస్తోంది. సొంతంగా పారాసిటమాల్ మాత్రం వేయకండి, పిల్లికి అది విషం.

అప్పటిదాకా పిల్లికూనల పాలపొడి కలిపి, సూది తీసిన సిరంజితో 2-3 గంటలకోసారి పట్టాం. కూనను బోర్లా ఉంచే పట్టాలి, వెల్లకిలా అయితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లు చల్లగా ఉంటే ముందు వెచ్చబెట్టాలి, లేదంటే పాలు అరగవు. ఇప్పుడు కూనలు రోజుకు 10-15 గ్రాముల బరువు పెరుగుతున్నాయి.

మనిషి వాసన తగిలి వదిలేసిందన్న అనుమానానికి, దీనికి సంబంధమే లేదు.